పసుపు గీత

పెళ్లయ్యాక ఊటీ వెళ్లారా, కొడైకెనాల్ వెళ్లారా అని రాజమండ్రిలో నా స్నేహితురాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మేం కాలువలోకి వెళ్లాం. మా ఆయన దోనె ముందు కొసన కూర్చుని గాజు దారం నీళ్లలోకి వదులుతుంటే, నేను మధ్యలో కూర్చుని దారం చుట్ట తిప్పాను. వెనక నిలబడి గడ వేసింది మా మామగారు. హనీమూన్‌కి మామగారిని వెంటబెట్టుకెళ్లిన కోడలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అయినా ఆ పొద్దుటి పూట ఎంత బాగుందో! తూటికాడ పూలు, గట్టు మీద ఎవరో వేయిస్తున్న పుణుకుల వాసన, నా చేతుల్లో గిరగిరా తిరుగుతున్న చుట్ట. ఆయన వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా కళ్లద్దాల్లో రెండు చిన్న కాలువలు మెరిసేవి.

ఆయన పేరు శ్రీహర్ష. భీమవరంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తారు. ఆ దారం ఆయన తయారు చేసిందే. రాలిన నా వెంట్రుక ఒకటి దాని పక్కన పెట్టి చూస్తే నా వెంట్రుకే లావుగా ఉంది.

"ఇంత సన్నటి దానికి నీళ్లలో ఏం కలిసిందో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను.

"బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే నువ్వేం చేస్తావు మృదులా?"

"చెయ్యి బయట పెడతాను. మా అమ్మ తిడుతుంది."

"వెలుగూ అంతే. దారం లోపల పరిగెడుతూ కాస్త చెయ్యి బయట పెడుతుంది. నీళ్లలో ఏది తగిలితే దాని రంగు చేతికి అంటించుకుని వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే, ఎక్కడ అంటుకుందో చెప్పెయ్యొచ్చు."

మామూలు గాజు దారంలో వెలుగు చెయ్యి బయట పెట్టదట. కిటికీలన్నీ మూసి ఉంటాయి. ఆయన ఏళ్ల తరబడి కష్టపడి కనిపెట్టిన పూత ఆ కిటికీలు తెరిచింది, దారం ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఒక కాలువ మొత్తాన్ని ఒకేసారి తడిమి చూసే దారం ప్రపంచంలో ఇదే మొదటిది. దాన్ని చుట్ట తిప్పి వదిలింది నేను! ఈ మాట మా అమ్మకి ఫోన్ చేసి చెబితే, "ముందు ఎండలో తిరక్కు, నల్లబడతావు" అంది.

దోనె మా రొయ్యల చెరువు దగ్గరికి వచ్చేసరికి మామగారు గడ ఆపారు. చెరువులో వాడేసిన నీళ్లు తూములోంచి కాలువలో పడుతున్నాయి.

"ఇక్కడ కాస్త అవతలి గట్టుకి లాగరా. తూము నీళ్లు సుడి తిరుగుతాయి. దారం తెగిపోద్ది" అన్నారు.

ఆయన అవతలికి లాగారు. నేను చుట్ట తిప్పాను. అంతే.

*

మా అత్తగారి ఊరు కొత్తలంకపాలెంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. ఊరంతా తాగేది మంచినీళ్ల చెరువులో నీళ్లు. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువ కట్టేసేలోపు ఆ చెరువు నింపుకోవాలి. నింపుకుంటే మళ్లీ కాలువ వదిలేదాకా అవే నీళ్లు. నింపుకోకపోతే ట్యాంకర్ల కోసం బిందెలు వరస పెట్టుకోవాలి. ఒకసారి నింపాక నీళ్లు బాగాలేవంటే పారబోసి మళ్లీ నింపుకోడానికి కాలువ ఉండదు. అందుకే ఈ ఏడు కాలువ నీళ్లు చెరువులోకి వదిలే తలుపులెత్తే ముందు దారంతో ఒకసారి చూసి చెబుతానని ఆయన సర్పంచి గారికి మాటిచ్చారు. కాలువ కట్టెయ్యడానికి ఇంకా వారం ఉంది.

దారం కొస మా వీధి అరుగు మీద, వెలుగు పంపే పెట్టెలోకి వచ్చింది. పెట్టె ల్యాప్‌టాప్‌కి కలిసింది. తెర మీద కాలువ ఒక పొడుగాటి నల్ల పట్టీలా పడుకుని ఉంది. ఆయన మీట నొక్కగానే పట్టీ మీద గీతలు లేచాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆయన కొట్టలేదు.

ఊళ్లో ప్రతి రేవు దగ్గరా పసుపు, ఆకుపచ్చ కలిసిన ఒక గీత నిలువునా నిలబడింది. రేవుల మధ్య కూడా అదే రంగు పలచగా సాగింది.

"ఏంటండీ అది? భలే ఉంది, లేత మామిడికాయ రంగులో."

"రొయ్యలకీ చేపలకీ జబ్బు చేస్తే చెరువులో కలిపే మందు ఒకటుంది. యాంటీబయాటిక్. ఇది దాని రంగే" అన్నారాయన. "ఇన్ని చోట్ల, ఇంతింతా? ఇది తాగితే ఊరంతా జబ్బు లేకుండా మందు మింగినట్టే. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచెయ్యదు."

అత్తయ్య మాణిక్యం గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. మామగారు తువ్వాలు దులుపుకుని, "ఎగువ నించి వత్తందేమో. పైన చెరువులు తక్కువున్నాయేంటి" అని లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రానికల్లా సర్పంచి బేబీ సరోజిని గారు స్కూటీ మీద వచ్చారు. "ఏం బాబూ, నీ దారం ఏవంటంది? తలుపులెత్తమంటావా, వద్దంటావా? అవతల ఊరోళ్లు నా మెడ మీద కూర్చున్నారు."

"నీళ్లు సీసాలో పట్టి హైదరాబాదు పంపానండీ. ఖాయంగా తేలడానికి రెండు వారాలు పడుతుందన్నారు."

"అప్పటికి కాలువలో క్రికెట్టాడుకుంటారు పిల్లలు" అని ఆవిడ స్కూటీ తిప్పుకున్నారు.

*

మర్నాడు ఆయనతో పాటు నేనూ భీమవరం వెళ్లాను. ఆయన బండి వెనక కూర్చుని వెళ్లడమంటే నాకు అప్పటికి ఇంకా పండగలా ఉండేది. ప్రయోగశాల చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఇంత గొప్ప దారం పుట్టిన చోట కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఇటుక ముక్క.

బల్ల మీద ఒక గాజు తొట్టి, అందులో స్వచ్ఛమైన నీళ్లు, ఆ నీళ్లలో మూర పొడుగు దారం ముక్క. ముందు తొట్టి నీళ్లు చూసి, తర్వాత కాలువ నీళ్లు పోసి చూడాలని ఆయన ఆలోచన. తెర మీద గీత లేదు. నల్లగా, శుభ్రంగా ఉంది.

"వేలు పెట్టనా?" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. వెలుగు చెయ్యి బయట పెడుతుందన్నారుగా. కరచాలనం చేద్దామని."

ఆయన నవ్వి సరేనన్నారు. నేను చూపుడువేలు ముంచాను. తెర మీద లేత మామిడికాయ రంగులో గీత నిటారుగా లేచింది!

ఆయన కుర్చీ ఇటుక మీంచి జారింది. "నీ వేలికి ఆ మందెక్కడిది?"

వేలు బయటికి తీసి చూసుకున్నాను. గోరు పచ్చగా ఉంది. పెళ్లినాటి నుంచి అన్ని గోళ్లూ పచ్చగానే ఉన్నాయి. పదహారు రోజుల పండగ ఇంకా కాలేదు కాబట్టి పొద్దున్నే ఒంటికి పసుపు, కాళ్లకి పసుపు, మెడలో తాడుకి పసుపు. అత్తయ్య దగ్గరుండి రాయిస్తారు. తర్వాత రేవులో దిగి కాళ్లు కడుక్కుంటాను. నాలాంటి కొత్త పెళ్లికూతుళ్లు ఈ ముహూర్తాల్లో ఊళ్లో ఇంకా నలుగురైదుగురున్నారు. పెళ్లిళ్ల పసుపు బట్టలన్నీ ఆ రేవుల్లోనే ఉతుకుతారు.

"ఏవండీ, మీ యంత్రం నన్ను చూసి భయపడింది" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూశారు, తెర చూశారు, మళ్లీ గోళ్లు చూశారు. తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే, పక్క గదిలోంచి ఎవరో వచ్చి తలుపులోంచి తొంగి చూసి వెళ్లారు. దేశదేశాల పరిశోధకులు ఎన్నో మందుల రంగులు కొలిచి పెట్టారు. ఆయన అవన్నీ యంత్రానికి నేర్పారు. ఇంట్లో ఉన్న పసుపు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఊళ్లో ఈ సంగతి మా బండి కంటే ముందు చేరింది. రేవులో ఆడవాళ్లు నన్ను చూసి, "ఇదుగో, విషం కోడలొచ్చింది, జరగండే!" అని ఒకటే ఆట పట్టించారు. మామగారు కూడా చాలా హాయిగా నవ్వారు. మిగిలినవాళ్లు మానేశాక కూడా ఆయన కాసేపు నవ్వుతూనే ఉన్నారు.

*

పసుపు రంగుని లెక్కలోంచి తీసెయ్యమని ఆయన యంత్రానికి చెప్పారు. ఒక్క మీట. గీతలన్నీ మాయమై పట్టీ నల్లగా అయిపోయింది. సర్పంచి గారికి ఫోన్ చేద్దామని లేస్తుండగా మా పెళ్లి ఫోటోలు వచ్చాయి. అత్తయ్యా నేనూ అరుగు మీద కూర్చుని అట్ట పెట్టె విప్పాం.

"అయ్యో, ఇదేంటమ్మాయ్, మామిడి తోరణాల మధ్య బంతిపూలు ఇలా పాలిపోయాయేంటి? మీ నాన్నగారు వాడిపోయిన పూలు తెచ్చారా ఏంటి?" అన్నారు అత్తయ్య.

"లేదత్తయ్యా, నవనవలాడాయి. నా మొహం పసుపుతో మరీ పచ్చగా పడిందని ఫోటోగ్రాఫరు రంగు తగ్గించాట్ట."

అన్నాను గానీ, ఫోటో చేతిలోనే ఉండిపోయింది. తగ్గించాలనుకుంది నా మొహంలో పసుపు. బంతిపూలు పోయాయి. పానకం బిందె మీద అరటిపళ్లు కూడా తెల్లబోయాయి.

"ఏవండీ, పసుపుని తీసెయ్యమన్నారు కదా. పసుపు రంగులోనే ఉన్న ఇంకోటి దాని వెనక నిలబడితే?"

ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఫోటో వంక చూశారు. అవతల సర్పంచి గారి "హలో, హలో" నాకు వినిపిస్తోంది. "మళ్లీ చేస్తానండీ" అని పెట్టేశారు.

"అదీ పోతుంది" అన్నారు. "ఆ మందూ పసుపూ దాదాపు ఒకే రంగు. నా దారం ఆ రెంటినీ విడదీయలేదు."

"మరి దారి?"

"కాలువలో పసుపు లేనప్పుడు చూడాలి. ఒక్క రోజు ఊళ్లో ఎవరూ పసుపు..." అని ఆగిపోయారు. మర్నాడు శుక్రవారం.

అత్తయ్య ఫోటో కింద పెట్టారు. "ఏరా, శుక్రవారం పూట ముత్తయిదువుల్ని పసుపు మానెయ్యమంటావా? కొత్త పెళ్లికూతురు, ఇంకా నల్లపూసలన్నా గుచ్చలేదు, దాన్ని బోసి కాళ్లతో తిప్పుతావా? చదువుకున్నోడివని ఊరుకుంటుంటే!"

ఆయన తల దించుకున్నారు. నేను సైన్సు చదివాను, నిజమే. కానీ పొద్దున్నే అత్తయ్య నా పాదాలు తన ఒళ్లో పెట్టుకుని పసుపు రాస్తుంటే చక్కిలిగింతలకి నేను కాళ్లు లాక్కోవడం, ఆవిడ ఒక్కటి వేసి మళ్లీ లాగడం, అది నేను ఒక్క రోజు కూడా వదులుకోవాలనుకోలేదు.

అత్తయ్య ఫోటోలో పాలిపోయిన బంతిపూలని వేలితో రాస్తూ ఉన్నారు.

"మానెయ్యక్కర్లేదు" అన్నారు చివరికి. "రేవులోకి దిగొద్దంటే చాలదా? ఇంట్లో రాసుకుంటారు, ఇంట్లోనే కడుక్కుంటారు. ఆ నీళ్లు కొబ్బరిచెట్టు పాదులో పోస్తారు. ఇంత చిన్నదానికి పెద్ద చదువులు చదివిన ఇద్దరూ మొహాలు వేలాడేసుక్కూర్చున్నారు."

కొంగు దోపుకుని ఆవిడే ఇల్లిల్లూ తిరిగారు. వెనక నేను. "మా చెట్టుకి రేపట్నించి పసుపు కొబ్బరికాయలు కాత్తాయేమో మాణిక్యం" అని ఎవరో అంటే, "కాస్తే నాకో బొండాం పంపు" అన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ చెప్పులు విప్పుకుంటూ మామగారితో, "రేపటితో తేలిపోద్దిలెండి" అన్నారు. మామగారు పేపరు తిప్పారు. అదే పేజీ ఇందాకా తిప్పారు.

*

శుక్రవారం కాలువ రేవులు బోసిగా ఉన్నాయి. బట్టల బాదుడు లేదు, కబుర్లు లేవు. మా కొబ్బరిచెట్టు పాదులో నా కాళ్ల పసుపు నీళ్లు ఇంకుతుంటే, చీమలు దారి మార్చుకుని వెళ్లాయి. నిన్నటి పసుపంతా దిగువకి కొట్టుకుపోయేదాకా ఆగి, ఎండెక్కాక ఆయన పెట్టె తెరిచారు. ఆయన పక్కన నేను, వెనక అత్తయ్య, స్తంభానికి ఆనుకుని మామగారు.

పెద్ద రేవు దగ్గర గీత లేదు. గుడి రేవు దగ్గర లేదు. బడి రేవు దగ్గర లేదు. ఎగువ నుంచి వస్తున్న నీళ్లలో కూడా లేదు. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

ఒక్క చోట ఉంది. అదే రంగు. పొట్టిగా, కదలకుండా నిలబడి ఉంది. అక్కడి నుంచి దిగువకి, మంచినీళ్ల చెరువు తలుపుల వైపు, పలచగా సాగింది.

దోనె ఎక్కడ ఆగిందో, దారం ఎక్కడ అవతలి గట్టుకి లాగామో నాకు గుర్తొచ్చింది.

"అది మన తూమేనా?" అన్నారు మామగారు.

"మనదే నాన్నా."

అత్తయ్య చెయ్యి నా భుజం మీద పడింది. మామగారు వచ్చి అరుగు మీద చతికిలపడ్డారు. "రొయ్యకి తెల్లమచ్చ కనబడింది. మేత కొట్టు కుర్రోడు ఇది కలపమన్నాడు. నీళ్లు మార్చకపోతే రొయ్య చచ్చి తేలిపోద్ది కదరా. ఇంత కాలవలో గుక్కెడు మందు ఏం కనబడద్దిలే అనుకున్నా." తెర వంక చూశారు. "పసుపని తేలేసరికి, ఇంక నాదేం లేదేమో అనుకున్నాను కూడాను."

మా ఆయన వేలు మీట మీద ఉంది. నిన్న పసుపుని తీసేసిన మీటే. నొక్కితే పట్టీ మొత్తం నల్లగా అయిపోతుంది. సర్పంచి గారికి చూపించేది ఆ పట్టీనే. గీత పొట్టిది, ఊరు పెద్దది, నాన్న ఒక్కరే. ఇవన్నీ ఆయన మొహంలో ఒకదాని వెనక ఒకటి వెళ్లడం నాకు కనిపించింది. పెళ్లయ్యాక ఆయన మొహాన్ని చదవడం నాకు అలవాటైన కొత్త చదువు. ఆ క్షణం మాత్రం చదవకుండా ఉంటే బాగుండుననిపించింది.

మామగారికీ కనిపించినట్టుంది.

"అది నొక్కితే పోద్దా?"

"పోతుంది నాన్నా."

"నీళ్లలోంచి కూడానా?"

ఆయన మీట మీంచి వేలు తీసేశారు.

మామగారు లేచి, గోడకి ఆనించిన తూము పలకలు భుజాన వేసుకున్నారు. "తూము కట్టేత్తాను. బంకమట్టి కూడా కొట్టాలి, చెమ్మ దిగకుండా. ఏరా, వత్తావా?"

"పంట పోతుంది నాన్నా."

"తెలుసు. పారొకటి పట్టుకురా."

అత్తయ్య వెళ్లి సర్పంచి గారికి తనే ఫోన్ చేశారు. "సరోజినీ, మందు మా చెరువుదే. తూము కట్టేశాం... కట్టేత్తున్నాం. నీళ్లు తేటపడ్డాక మా వాడు చెబుతాడు, అప్పుడు తలుపులెత్తు. ఊరికి నువ్వు చెప్పక్కర్లేదు. మీ అన్నయ్యే వచ్చి చెబుతారు." ఫోన్ పెట్టేశాక చాలాసేపు కొంగుతో చేతులు తుడుచుకున్నారు, తడి లేకపోయినా.

*

తూము మూసిన చోట గీత రోజురోజుకీ కుంగిపోయింది. నిలువు గీత కాస్తా చుక్కయ్యింది, చుక్క పోయింది. కాలువ కట్టెయ్యడానికి ముందు రెండు రోజులూ రాత్రింబగళ్లు తలుపులెత్తే ఉంచి మంచినీళ్ల చెరువు నింపారు. చెరువు అంచుదాకా నిండిన సాయంత్రం సర్పంచి గారు ఒక గ్లాసుడు నీళ్లు మా ఇంట్లోకి తెచ్చి ముందు మామగారికే ఇచ్చారు. ఆయన తాగారు.

మా రొయ్యలు తేలిపోయాయి. అమ్మడానికి లేదు, వండుకోడానికి లేదు. సున్నం చల్లి గుంటలో పూడ్చారు. అంత చక్కటి దారం, ఎవరికీ అపకారం తలపెట్టని దారం. దాన్ని ఎందుకు కనిపెట్టానా అని ఒక మధ్యాహ్నం మా ఆయన నాతో అన్నారు. ఆయన కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టాను.

రొయ్యల్ని పూడ్చాక మామగారు రెండు రోజులు అరుగు మీదికి రాలేదు. మూడో రోజు పొద్దున్న, కాలువ కట్టేసే రోజు, వచ్చి పెట్టె ముందు కూర్చున్నారు.

"నా తూము దగ్గర ఎలా ఉందిరా?"

"ఏమీ లేదు నాన్నా. నల్లగా ఉంది."

"మరి ఆ పసుపు తీసే మీటేదీ? నొక్కకు. ఉండనీ." తెర మీదికి వంగారు. పెద్ద రేవు దగ్గర లేత మామిడికాయ రంగు గీత ఒకటి సన్నగా మొలిచి, పైకి లేచింది. మామగారు వేలు పెట్టి చూపించారు. ఆయన మీసాల కింద నవ్వు కదలడం ఇన్నాళ్లకి చూశాను.

"అదుగో, మీ అమ్మ దిగింది రేవులోకి."

నేను వాకిట్లో చెప్పులు విడిచేసి, కాలువ కట్టెయ్యకముందే ఆ గీత పక్కన రెండో గీతనవుదామని, పచ్చటి పాదాలతో రేవుకి పరిగెత్తాను.